మార్గళి చలి.. తడి కొప్పు తంటా!

గుడియాత్తం: తెల్లవారుజాము ఐదు గంటలు. వాకిట్లో ముగ్గు, మధ్యలో గుమ్మడిపువ్వు. గబగబా తలకు పోసుకుని, తడి జుట్టునే కొప్పు చుట్టి, పైన మూరెడు కనకాంబరాలు పెట్టుకుని గుడికి పరుగు. అటునుంచి అటే బస్టాండుకు, పనికి. మార్గళి నెల్లాళ్లూ ఇటు వేలూరు, గుడియాత్తంలోనూ, అటు చిత్తూరు, పలమనేరులోనూ చాలా ఇళ్లలో ఇదే వరస. సంక్రాంతి నాటికి దువ్వెన నిండా వెంట్రుకలే. 'పాడు చలి.. జుట్టంతా ఊడ్చేసింది' అని నిట్టూర్పులు. తప్పంతా చలిదేనా? సగం మన తొందరదే!

తడి ఆరాకే జడ

తడిసిన వెంట్రుక మెత్తబడి సాగుతుంది. అప్పుడు దువ్వినా, బిగించి ముడేసినా పుటుక్కున తెగుతుంది. పైగా కొప్పు లోపల తడి సాయంత్రం దాకా ఆరదు. వాసన, దురద మొదలవుతాయి. తువ్వాలుతో రుద్దకుండా అద్ది, కాసేపు విరబోసి, పళ్లు వెడల్పుగా ఉన్న దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీయాలి. అంత తీరిక లేని రోజు కంఠస్నానం చేసి గుడికెళ్తే దేవుడేమీ అనుకోడు. రెండు పూటలా తలకు పోసుకునే అయ్యప్ప స్వాములు ప్రతిసారీ షాంపూ జోలికి పోనక్కర్లేదు. ఒట్టి నీళ్లు చాలు.

నీళ్లు.. గోరువెచ్చగా

చలికి సలసల కాగిన నీళ్లు పోసుకుంటే హాయిగానే ఉంటుంది. కానీ మాడుమీద సహజంగా ఉండే జిడ్డు కాస్తా పోయి జుట్టు పీచులా తయారవుతుంది. గోరువెచ్చని నీళ్లే మేలు. బోరు నీళ్లు ఉప్పగా ఉండే వీధుల్లో సబ్బు నురగ రాదు, తెల్లటి మడ్డి జుట్టుకు పట్టేస్తుంది. చివరి రెండు చెంబులైనా మంచినీళ్లు పోసుకోవాలి. సీకాయైనా, కుంకుడుకాయైనా వారానికి ఒకటి రెండుసార్లు మించితే జుట్టు పొడిబారుతుంది.

నూనె ఎప్పుడు? ఎంతసేపు?

కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దిగువన గడ్డకడుతుంది. సీసాను వేడినీళ్ల గిన్నెలో పెడితే చాలు, పొయ్యిమీద పెట్టొద్దు. ఈ నూనె వెంట్రుక లోపలికి ఇంకుతుంది, కడిగేటప్పుడు మాంసకృత్తులు పోకుండా కాపాడుతుంది. స్నానానికి గంట ముందు రాసుకుంటే సరిపోతుంది.

చుండ్రు ఉంటే మాత్రం లెక్క వేరు. తమిళంలో దీన్ని 'పొడుగు' అంటారు. పేరు పొడుగే గానీ జుట్టు పొడుగుకు సాయపడేది కాదు! చలికాలంలో ఇది ఎక్కువవుతుంది. దీనికి కారణమయ్యే సూక్ష్మజీవికి జిడ్డే ఆహారం. రాత్రంతా నూనె పట్టించి పడుకుంటే దానికి విందు పెట్టినట్టే. కీటోకొనజోల్ ఉన్న షాంపూను వారానికి రెండుసార్లు, ఐదు నిమిషాలు ఉంచి కడిగితే తగ్గుతుంది.

అవ్వలు పెట్టే సాంబ్రాణి ధూపం వాసనకు బాగుంటుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు, పసిపిల్లలకు ఆ పొగ మంచిది కాదు.

జ్వరం బాకీ

అసలు మర్మం ఇంకొకటుంది. వానల్లో డెంగీ లాంటి గట్టి జ్వరం వచ్చినవాళ్లకు జుట్టు వెంటనే రాలదు. రెండు మూడు నెలలు ఆగి రాలుతుంది. అక్టోబరు జ్వరం బాకీ జనవరిలో తీరుతుందన్నమాట. నింద చలికి, ఖర్చు రంగురంగుల నూనె సీసాలకు! కాన్పయిన తల్లులదీ ఇదే కథ. మంచి తిండి తింటే సుమారు ఆరు నెలల్లో చాలామందికి మళ్లీ వస్తుంది. రోజుకు వంద వెంట్రుకల దాకా రాలడం మామూలే.

రూపాయి బిళ్లలా గుండ్రంగా ఊడినా, మాడుమీద చీము పట్టినా, ఆరు నెలలు దాటినా ఆగకపోయినా చర్మ వైద్యుణ్ని చూడాల్సిందే. రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించుకుంటే అసలు సంగతి తేలిపోతుంది. నూనె సీసాకు పెట్టే డబ్బు ముందు ఆ పరీక్షకు పెట్టడం నయం.