అంగుళాల బోల్టుకు మిల్లీమీటర్ల పానా పడుతుందా?

పాత బుల్లెట్టో అంబాసిడరో విప్పడానికి కూర్చున్నవాళ్లకు ఎవరో ఒకరు చెప్పే మాట ఒకటుంది: "అంగుళాల్ని 25.4తో గుణించు, అంతే!" గుణకారం వరకు ఆ మాట నిజమే. 1959లో అమెరికా, బ్రిటన్ తదితర దేశాలు కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం అంగుళమంటే సరిగ్గా 25.4 మి.మీ. చిక్కంతా ఆ అంకె దేన్ని కొలిచిందో చూడకపోవడంలోనే ఉంది.

అపోహ: పానా మీది అంకె నట్టు వెడల్పే.

మిల్లీమీటర్ల పానాలకు, 'ఏఎఫ్' అని రాసి ఉండే అంగుళాల పానాలకు ఇది నిజం. పాత ఇంగ్లిష్ బళ్లకు వాడే విట్‌వర్త్ పానాకు కాదు. జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన మరల పద్ధతికి చేసిన పానా అది. ఆ పానా మీద రాసేది బోల్టు కాడ మందం. 1/4 అని ఉన్న విట్‌వర్త్ పానా నోరు 0.525 అంగుళం, అంటే 13.3 మి.మీ. పావు అంగుళాన్ని గుణించి 6.35 తెచ్చుకుంటే ఆ లెక్క దేనికీ పనికిరాదు. ఆ బోల్టు తలకు 13 పానా ఎక్కదు. 14 ఎక్కుతుంది కానీ, తుప్పుపట్టి బిగుసుకున్నదాని మీద బలం పెట్టగానే జారి మూలలు గుండ్రంగా అరిగిపోతాయి. ఏఎఫ్ నట్లు కొంత నయం: 3/4 అంటే 19.05 మి.మీ. కాబట్టి 19 పానాతో పని నడుస్తుంది. 9/16కు మాత్రం (14.29) సరిజోడు లేదు.

అపోహ: 5/16 బోల్టు పోతే 8 మి.మీ.ది వేసేయొచ్చు.

ఎక్కువ నష్టం చేసేది ఇదే. 5/16 అంటే 7.94 మి.మీ., తేడా వెంట్రుక మందమంత. అందుకే అందరూ మోసపోతారు. కానీ 5/16 విట్‌వర్త్ బోల్టుకు అంగుళానికి 18 మరలు, అంటే మరకూ మరకూ మధ్య 1.41 మి.మీ. మామూలు 8 మి.మీ. బోల్టుకు ఆ దూరం 1.25. మర కోణం విట్‌వర్త్‌ది 55 డిగ్రీలైతే 8 మి.మీ. బోల్టుది 60. కొత్త బోల్టు వేళ్లతోనే రెండు చుట్లు హాయిగా తిరుగుతుంది, ఆ తర్వాత బిగుస్తుంది. బాగా పట్టిందనుకుని పానా వేశారా, అల్యూమినియం కేసులోని మెత్తటి మరలు పొడిపొడిగా ఊడి వస్తాయి. మర గేజి పళ్లను పాత బోల్టుకు ఆనించి వెలుతురుకు ఎత్తి చూడండి. రెండు మూడు పళ్ల దాకా తప్పు గేజి కూడా కుదిరినట్టే ఉంటుంది. ఐదారు పళ్ల దగ్గరికి వచ్చేసరికి సందులోంచి వెలుగు కనిపిస్తుంది.

అపోహ: ఇంగ్లండు ఇంజన్లో అన్నీ అంగుళాలే.

బుల్లెట్ 350 సిలిండర్ బోరు 70 మి.మీ., స్ట్రోకు 90 మి.మీ. ఆ లెక్కే 346 సీసీ. బోల్టులు అంగుళాల్లో, బోరు మిల్లీమీటర్లలో! అంబాసిడర్ 1489 సీసీ ఇంజన్ బోరేమో 2 7/8 అంగుళాలు. అన్నిటికంటే వింత ఎంజీ టీసీ, టీడీ కార్లది. ఆ కార్లకు ఇంజన్లు చేసిచ్చిన మోరిస్ కంపెనీ కోవెంట్రీలో ఫ్రెంచి హాచ్‌కిస్ వారి ఇంజన్ ఫ్యాక్టరీని 1923లో కొనేసింది. అక్కడి యంత్రాలు కోసేవి మెట్రిక్ మరలు, ఇంగ్లిష్ మెకానిక్కుల చేతుల్లో ఉన్నవి విట్‌వర్త్ పానాలు. అందుకని మెట్రిక్ కాడకు విట్‌వర్త్ తల పెట్టారు. ఆ బోల్టు తల చూసి మర చెప్పగలిగినవాడికి దండం పెట్టాలి.

అపోహ: చిన్న సందులకు సుమారు లెక్క చాలు.

ఇగ్నిషన్ పాయింట్లకు చాలు. 0.015 అంగుళం అంటే 0.38 మి.మీ.; 0.40 ఫీలర్ బ్లేడుతో సరిచేసినా బండి స్టార్టవుతుంది. పిస్టన్‌కు, సిలిండర్‌కు మధ్య సందు సంగతి వేరు. "నాలుగు వదులు" అని మీరంటే మీ మనసులో ఉన్నది నాలుగు థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), అంటే 0.10 మి.మీ. లేత్ మేస్త్రి నాలుగు వందో వంతుల మిల్లీమీటర్లు అనుకుంటే 0.04కే ఆపేస్తాడు. ఇంజన్ వేడెక్కగానే పిస్టన్ పట్టేస్తుంది. అంకె పక్కన కొలత పేరు కూడా చీటీ మీద రాసివ్వండి.

అపోహ: గ్యాలన్ అంటే నాలుగున్నర లీటర్లు.

బ్రిటిష్ గ్యాలన్ 4.546 లీటర్లు, అమెరికాది 3.785. విల్లీస్ జీపు అమెరికా బండి. దాని పుస్తకంలో నాలుగు క్వార్టుల (అంటే ఒక గ్యాలన్) ఇంజనాయిల్ అని ఉంటే 3.8 లీటర్లే పోయాలి. బ్రిటిష్ లెక్కన పోస్తే ముప్పావు లీటరు ఎక్కువై డిప్‌స్టిక్ గీత దాటిపోతుంది, క్రాంకు తగిలి నూనె నురగెత్తుతుంది.