తెర మాట్లాడాలంటే...

పిల్లలూ, మీ ఊళ్లో ఉగాది వేడుక జరుగుతోందనుకోండి. ఫోన్‌కి ఒక ఆహ్వానం వస్తుంది. పైన మామిడి తోరణాలు, కింద ఉగాది పచ్చడి గిన్నె, మధ్యలో రంగురంగుల అక్షరాల్లో తేదీ, సమయం, హాలు పేరు. మీరు ఒక్క చూపులో చదివేస్తారు. అదే ఆహ్వానం చూపు లేని ఒక అబ్బాయికి కూడా వెళ్లింది. అతని ఫోను ఏం చదివి వినిపిస్తుందో తెలుసా? "చిత్రం." అంతే! పండగ ఎప్పుడో, ఎక్కడో అతనికి ఎలా తెలుస్తుంది?

చూపు లేనివాళ్లు ఫోను ఎలా వాడతారు?

తెర మీది అక్షరాలను పైకి చదివే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. దాన్ని స్క్రీన్ రీడర్ అంటారు. ఐఫోన్‌లో దాని పేరు వాయిస్‌ఓవర్, ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్. కంప్యూటర్‌లో చాలామంది ఎన్‌వీడీఏ వాడతారు. అది ఉచితం. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ దాన్ని 2006లో మొదలుపెట్టారు. ఆయనకూ చూపు లేదు.

స్క్రీన్ రీడర్ అక్షరాలను బాగా చదువుతుంది. కానీ ఆ అక్షరాలు బొమ్మలో కలిసిపోతే చాలాసార్లు చదవలేదు. అందుకే బొమ్మ వెనకాల చిన్న వర్ణన రాసి పెట్టాలి. దీన్ని ఆల్ట్ టెక్స్ట్ అంటారు. అది మామూలుగా పేజీ మీద కనిపించదు, స్క్రీన్ రీడర్‌కి మాత్రం అందుతుంది.

ఒలింపిక్స్ వెబ్‌సైటు కథ

2000లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో ఒలింపిక్స్ జరిగాయి. బ్రూస్ మగ్వయర్ అనే ఆయనకు చూపు లేదు. ఆటల వెబ్‌సైటు తెరిస్తే చాలా బొమ్మలకు వర్ణనే లేదు. ఏయే ఆటలు ఉన్నాయో చూపే పట్టిక, ఫలితాల పట్టికలు ఆయనకు అందలేదు. ఎవరో పక్కన కూర్చుని చదివి పెట్టొచ్చు కదా అంటారా? అందరిలాగే తనంతట తను చదువుకోవాలన్నదే ఆయన కోరిక. అందుకే 1999లోనే ఆ దేశపు మానవ హక్కుల కమిషన్‌కి ఫిర్యాదు చేశారు.

వెబ్‌సైటు మార్చడానికి చాలా ఖర్చు, చాలా కాలం పడుతుందని నిర్వాహకులు అన్నారు. అంత అవసరం లేదని నిపుణులు చెప్పారు. 2000 ఆగస్టులో తీర్పు మగ్వయర్ గారి వైపే వచ్చింది. ఆటలు మొదలయ్యేలోపు సరిచేయాలని కమిషన్ చెప్పింది. నిర్వాహకులు పూర్తిగా చేయలేదు. చివరికి ఆయనకు 20,000 ఆస్ట్రేలియా డాలర్ల పరిహారం ఇవ్వాల్సి వచ్చింది.

ఇల్లంతా కట్టాక గుమ్మం పెద్దది చేయాలంటే గోడ పగలగొట్టాలి. కట్టేటప్పుడే పెద్దగా పెట్టుకుంటే ఎంత తేలిక! వెబ్‌సైటు కూడా అంతే.

మనం ఏం చేయాలి?

1. బొమ్మకి వర్ణన రాయండి. "ఫొటో" అని రాస్తే ఏమీ తెలియదు. "ఇద్దరు అమ్మాయిలు వాకిట్లో రథం ముగ్గు వేస్తున్నారు" అని రాస్తే బొమ్మ మనసులో కనిపిస్తుంది.

2. వీడియోలో మాటలను కింద అక్షరాల్లో కూడా ఇవ్వండి. వినపడని వాళ్లకి అవే ఆధారం. గోలగా ఉన్న బస్సులో మీకూ పనికొస్తాయి!

3. మౌస్ లేకుండా పని జరిగేలా చూడండి. చేతులు వణికేవాళ్లకి మౌస్ పట్టుకోవడం కష్టం. వాళ్లలో చాలామంది కీబోర్డుతోనే అన్నీ చేస్తారు.

4. పేజీ ఏ భాషలో ఉందో కోడ్‌లో గుర్తు పెట్టండి. తెలుగుకి ఆ గుర్తు 'టి', 'ఇ' అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు. గుర్తు లేకపోతే స్క్రీన్ రీడర్ తెలుగు పేజీని ఇంగ్లీషు గొంతుతో చదవబోయి తికమకపడొచ్చు.

చేసి చూడండి

మౌస్ పక్కన పెట్టండి. మీ బడి వెబ్‌సైటు తెరిచి ట్యాబ్ కీ నొక్కుతూ వెళ్లండి. వెనక్కి రావాలంటే షిఫ్ట్ పట్టుకుని ట్యాబ్ నొక్కాలి. లింకు తెరవాలంటే ఎంటర్. ఈ రోజు భోజనంలో ఏముందో కనుక్కోగలిగారా? ఎక్కడ ఆగిపోయారు? నోటుపుస్తకంలో రాయండి.

కొత్త మాటలు

వర్ణన – ఎలా ఉందో మాటల్లో చెప్పడం
ఫిర్యాదు – "ఇక్కడ తప్పు జరిగింది" అని అధికారులకు చెప్పడం
నిపుణులు – ఒక పని బాగా తెలిసినవాళ్లు
పరిహారం – నష్టపోయినవాళ్లకి ఇచ్చే డబ్బు

జవాబులు రాయండి

1. ఉగాది ఆహ్వానం ఆ అబ్బాయికి ఎందుకు అర్థం కాలేదు? మీరైతే దాన్ని ఎలా పంపిస్తారు?
2. మగ్వయర్ గారు పక్కవాళ్లతో చదివించుకోకుండా ఫిర్యాదు ఎందుకు చేశారు?
3. మీ ఇంట్లో ఉన్న ఒక ఫొటోకి రెండు వాక్యాల్లో వర్ణన రాయండి. అమ్మకి గానీ నాన్నకి గానీ కళ్లు మూసుకోమని చెప్పి చదివి వినిపించండి. అది ఏ ఫొటోనో వాళ్లు చెప్పగలిగితే మీ వర్ణన బాగున్నట్టే!