రబ్బరులో కలియు ఖనిజపు పొడులు

వట్లూరు, తాడేపల్లిగూడెము ప్రాంతముల రైతులకు రబ్బరుతో నిత్యము పని యున్నది. పంపు గొట్టములు, ట్రాక్టరు టైర్లు, బియ్యపు మిల్లు రోలర్లు రబ్బరువే. అయినను అందు కేవల రబ్బరుండదు. సహజ, కృత్రిమ రబ్బరులను మిశ్రము చేసి, వానిలో పొడులను చేర్తురు.

ఈ పొడులన్నియు నొక్కరీతివి కావు. ముతక సుద్దపొడి చేర్చిన వస్తువు గట్టిపడును, వెల తగ్గును. బలము మాత్రము హెచ్చదు. మెత్తని చీనామట్టి మధ్యరకము. అతిసూక్ష్మమగు సిలికా రబ్బరును పట్టుకొని చీలికను, అరుగుదలను అడ్డగించును. బియ్యమునకు నల్లమరక యంటనీయదు. అందుచేతనే మిల్లు రోలర్లలో దానిని వాడుదురు. మన మిల్లుల ఊక బూడిదయందు అధికభాగము సిలికాయే యగుట గమనింపదగినది. పొడి మిశ్రమమున సమముగా వ్యాపింపనిచో, అది గడ్డకట్టిన చోటనే చీలిక పుట్టును.

కడప సీమలోని మంగంపేట బెరైటీసు నీటికంటె సుమారు 4.5 రెట్లు బరువు. శుద్ధమైన రబ్బరు 0.92 రెట్లు మాత్రమే. కావున బరువే నాణ్యమని గొట్టము కొనువాడు రబ్బరు వెలకు రాతిపొడిని కొన్నవాడగును. రోలరు త్వరగా అరిగిన ఆ ఖర్చు తుదకు మన ధాన్యముపైననే పడును.

సంఘము తరఫున కొనునపుడు సమానమైన కొలతగల రెండు ముక్కలను తూచి, సాగదీసి చూడుడు. తేలికయై, విడిచిన వెంటనే మునుపటి పొడవునకు వచ్చునది సాధారణముగా మేలైనది.