కొన్న యంత్రం మనదే, మూత విప్పే హక్కు ఎవరిది?

ఆమధ్య ఒక పాల సంఘం తనిఖీకి వెళ్ళినప్పుడు వెన్న పరీక్ష యంత్రం గుడ్డ కప్పుకుని గోడవారన ఉండటం చూశాను. అటక మీది గెర్బరు సామాను తిరిగి బల్ల మీదికి వచ్చింది. యంత్రం ఆగి పదకొండు రోజులైందట. ఎన్నిసార్లు ఫోను చేసినా కంపెనీ మనిషి రాలేదు. బజారులో టీవీలు బాగుచేసే కుర్రవాడు వచ్చి చూసి, లోపల కరెంటు అందించే భాగం కాలినట్లుందనీ, కొద్దిపాటి ఖర్చుతో మార్చవచ్చుననీ అన్నాడు. కాని స్క్రూ మీద ఒక కాగితం అంటించి ఉన్నది. అది చిరిగితే హామీ చెల్లదని దాని మీద అచ్చు వేశారు. "సంఘం డబ్బుతో కొన్నాం గదండీ, మా మిషను మేము విప్పితే తప్పేమిటి?" అని అధ్యక్షులు అడిగారు. హామీ గడువు ఎంతవరకని నేను అడిగితే బిల్లు వెతికి తీశారు. గడువు ముగిసి అప్పటికే ఏడు నెలలైంది. లేని హామీ ఎక్కడ పోతుందోనని పదకొండు రోజులు ఆగారన్నమాట.

ఇదే ప్రశ్న చాలా సంఘాలలో వస్తున్నందున కొంచెం వివరంగా వ్రాస్తున్నాను.

వస్తు విక్రయ చట్టం 1930 నాటిది. అమ్మకం పూర్తయితే వస్తువు మీద యాజమాన్యం కొన్నవారికి సంక్రమిస్తుంది. కనుక పెట్టె, తీగలు, పలకలు, బిగించిన స్క్రూలు అన్నీ సంఘానివే. హామీ గడువులో విప్పితే కంపెనీ ఉచిత మరమ్మతుకు ఒప్పుకోకపోవచ్చు. అది ఒప్పందంలోని షరతు. అంతమాత్రాన విప్పడం నేరం కాదు.

చిక్కంతా లోపలి ప్రోగ్రాముతో వస్తుంది. ధరల పట్టీ లెక్కగట్టేదీ, చీటీ ముద్రించేదీ అదే. దాని మీద కాపీరైటు కంపెనీదే. మనకు వాడుకునే హక్కు ఉంటుంది గాని, నకళ్ళు తీసి అమ్ముకునే హక్కు లేదు. అయినా 1957 నాటి మన కాపీరైటు చట్టం కొన్నవారిని పూర్తిగా కట్టివేయలేదు. న్యాయంగా ప్రోగ్రాము కలిగి ఉన్నవారు, అది చెడిపోతే పనికివచ్చేలా ఒక నకలు ఉంచుకోవచ్చు. అది ఎలా పనిచేస్తున్నదో పరిశీలించవచ్చు. వేరొకరు తయారుచేసిన ప్రోగ్రాముతో దాన్ని కలిపి నడపడానికి కావలసిన సమాచారం మరొక విధంగా సులభంగా దొరకనప్పుడు, ఆ సమాచారాన్ని రాబట్టుకోవచ్చు. ఒక కంపెనీ యంత్రానికి మరొక కంపెనీ తూకాన్ని కలుపుకోవాలనుకునే సంఘాలకు ఈ సంగతి పనికివస్తుంది. 2012లో చేర్చిన సవరణ ప్రకారం, ఎలక్ట్రానిక్ తాళాన్ని తప్పించడం నేరం కావాలంటే కాపీరైటును ఉల్లంఘించే ఉద్దేశం ఉండాలి. ఆగిన యంత్రాన్ని నడిపించుకోవాలనే ఉద్దేశం వేరు, ప్రోగ్రామును దొంగిలించే ఉద్దేశం వేరు.

అమెరికా రైతులకు ఇంత వెసులుబాటు లేకపోయింది. అక్కడ 1998లో చేసిన చట్టం తాళం తప్పించడాన్నే నిషేధించింది. ట్రాక్టర్లలోకి కంప్యూటర్లు వచ్చాక, తన పొలంలో ఆగిన ట్రాక్టరును తానే బాగుచేసుకునే రైతు కంపెనీ డీలరు కోసం ఎదురుచూడవలసి వచ్చింది. రైతులు పోరాడగా 2015లో వ్యవసాయ యంత్రాల మరమ్మతుకు ఆ నిషేధం నుంచి మినహాయింపు ఇచ్చారు. 2023లో కొలరాడో రాష్ట్రం, వ్యవసాయ యంత్రాల విడిభాగాలను, పనిముట్లను, మరమ్మతు పుస్తకాలను కంపెనీలు రైతులకు అందుబాటులో ఉంచాలని చట్టం చేసింది. అది 2024 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది.

మన దేశంలో 2014 ఆగస్టులో కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద దాదాపు 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించింది. విడిభాగాలు, లోపం పట్టే పరికరాలు బయటి మెకానిక్కులకు దొరకకుండా చేయడం ఆ కేసులో ముఖ్యమైన ఆరోపణ. కంపెనీలు అప్పీలుకు వెళ్ళాయి. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై కమిటీని వేసింది. కమిటీ ముందుగా ఎంచుకున్న నాలుగు రంగాలలో వ్యవసాయ పరికరాలు ఒకటి. అదే సంవత్సరం డిసెంబరులో ఒక పోర్టల్ కూడా తెరిచారు. అది సమాచారం ఇచ్చే ఏర్పాటే గాని, కంపెనీ మెడలు వంచే చట్టం కాదు.

ఇంతవరకు చదివి స్క్రూడ్రైవరు చేతబట్టేవారు దయచేసి ఆగాలి. సంఘం బల్ల మీద ఉండే రెండు యంత్రాల విషయంలో కార్యదర్శులు సరిగ్గా తలకిందులుగా నడుచుకుంటున్నారు. వెన్న యంత్రం మీది కాగితానికి భయపడతారు. తూకం యంత్రాన్ని మాత్రం ఎవరిచేతనైనా విప్పించేస్తారు. కాగితం కంపెనీది, తూకం మీది ముద్ర సర్కారుది. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం ప్రకారం లైసెన్సు ఉన్నవారే తూకాలను మరమ్మతు చేయాలి. మరమ్మతు తరువాత మళ్ళీ పరీక్ష చేయించి ముద్ర వేయించాలి. మరమ్మతు లేకపోయినా ఎలక్ట్రానిక్ తూకానికి 12 నెలలకు ఒకసారి ఆ పరీక్ష తప్పదు. డబ్బు పెట్టి కొన్నాం గదా అన్న మాట ఇక్కడ చెల్లదు.

వెన్న యంత్రంలోనూ అన్ని మార్పులూ ఒకటి కావు. కాలిన భాగం మార్చడం, బ్యాటరీ తగిలించడం, చీటీల ప్రింటరు మార్చడం ఒక రకం. రీడింగును పైకీ కిందికీ జరిపే సవరణను ముట్టుకోవడం మరొక రకం. నేను చూసిన మరో సంఘంలో, కంపెనీ మనిషి లోపలి భాగమేదో మార్చి వెళ్ళిన మరునాటి నుంచి అందరి పాలకూ వెన్న తగ్గింది. కార్యదర్శి మీద అనుమానం పడింది. ఇద్దరు సభ్యులు పాలు పోయడం మానుకున్నారు. పదవ రోజున గెర్బరు పరీక్ష చేస్తే, యంత్రం 0.3 శాతం తక్కువ చూపిస్తున్నదని తేలింది. సరిచేద్దామంటే పాస్‌వర్డు కంపెనీ దగ్గరే ఉన్నది. ఒక శాతం వెన్నకు లీటరుకు 8 రూపాయలనుకుంటే, పూటకు 5 లీటర్లు పోసే ఇల్లాలికి రోజుకు 24 రూపాయలు, పది రోజులకు 240 రూపాయలు పోయినట్టు. ఆ పది రోజులూ ఆమె గేదె మేతనే తప్పుపట్టుకున్నది.

పాస్‌వర్డు కార్యదర్శి జేబులో ఉంటే సరిపోతుందా అంటే, దానికీ నేను ఒప్పుకోను. సహకార సంఘంలో యజమాని ఒకరు కాదు. నూట నలభైమంది సభ్యులుంటే నూట నలభైమందీ యజమానులే. యంత్రాన్ని మార్చే హక్కు కూడా వారిదే గాని, తాళం చెవి పట్టుకున్న ఒక్కరిది కాదు. అందుచేత సవరణ మార్చదలచినప్పుడు పాలకవర్గం తీర్మానం ఉండాలి. మార్చే ముందు, మార్చిన తరువాత పాలు పోసేవారి ఎదుటనే గెర్బరు పరీక్ష చేయాలి. 10 మిల్లీలీటర్ల గంధకామ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలు పోసి, నిమిషానికి 1,100 చుట్లతో 5 నిమిషాలు తిప్పి, 65 డిగ్రీల వేడి వద్ద చదవడం మన పరీక్షకులకు కొత్త కాదు. గేదె పాలు, ఆవు పాలు విడివిడిగా చూడాలి. రెండు రీడింగులూ రిజిస్టరులో వ్రాసి, అక్కడున్న సభ్యుల సంతకాలు తీసుకోవాలి.

అసలు ఈ తగవంతా కొనేటప్పుడే తేల్చుకోవలసినది. డబ్బు చేతులు మారాక కంపెనీ మన మాట వినదు. ఆర్డరులోనే మరమ్మతు పుస్తకం, సర్క్యూట్ పటం, సవరణ పాస్‌వర్డు ఇవ్వాలని వ్రాయండి. విడిభాగాలు ఎన్నేళ్ళు దొరుకుతాయో, ధరలెంతో అడగండి. ఫిర్యాదు చేసిన ఎన్ని రోజులలో మనిషి రావాలో, రాకపోతే బయటివారిచేత చేయించుకున్నా హామీ చెల్లుతుందో లేదో వ్రాయించుకోండి. సభ్యుల పాల లెక్కలు ఏ కంప్యూటరులోనైనా తెరుచుకునే రూపంలో ఇవ్వాలన్న షరతు కూడా చేర్చండి. తరువాత వినియోగదారుల కమిషనుకు పోవచ్చులే అనుకోకండి. వ్యాపార ప్రయోజనం కోసం కొన్నవారు 2019 చట్టం కింద వినియోగదారులు కారు. సంఘం కొనుగోలు ఆ కోవకే వస్తుందని కంపెనీ తరఫువారు వాదించే వీలున్నది. వ్రాసుకున్న షరతు ఉంటే ఆ వాదనతో మనకు పనిలేదు.

మొదట చెప్పిన సంఘం తీర్మానం వ్రాసుకుని, ఆ కుర్రవాడి చేతనే కరెంటు భాగం మార్పించింది. గెర్బరుతో సరిచూస్తే రీడింగులో తేడా రాలేదు. తరువాత కంపెనీ నుంచి సవరణ పాస్‌వర్డు వ్రాతపూర్వకంగా తెప్పించుకున్నారు. ఆ కాగితం ఇప్పుడు అరక్కు సీలు వేసిన కవరులో, అధ్యక్షులు, కార్యదర్శి, పాలు పోసే ఒక మహిళా సభ్యురాలి సంతకాలతో సంఘం బీరువాలో ఉన్నది. కవరు తెరిచిన ప్రతిసారీ తేదీ, కారణం వ్రాయడానికి పక్కనే ఒక నోటుపుస్తకం పెట్టారు. నేను మొన్న చూసేనాటికి అందులో రెండు పద్దులు ఉన్నాయి.