మాట అన్నమయ్యది, వరస ఎవరిది?

అన్నమయ్య పాట అని మనం చెవులారా వినేదాంట్లో అన్నమయ్యది సగమే. మాట ఆయనది. వరస మాత్రం నిన్నమొన్నటిది. తెల్లారేసరికి తిరుపతి వీధుల్లో మైకుల నుంచి వచ్చేవి, సంగీత పోటీల్లో పిల్లలు తాళం తప్పకుండా అప్పజెప్పేవి, వీటిలో చాలా వరసలకు ఎనభై ఏళ్లు కూడా నిండలేదు. ఈ సంగతి చెబితే కొందరు భక్తులు నొచ్చుకుంటారు. ఇందులో గుట్టేమీ లేదు, స్వరపరిచిన పుస్తకాల మీద కట్టినవాళ్ల పేర్లు అచ్చయ్యే ఉన్నాయి.

అన్నమాచార్యులు 1408లో పుట్టి 1503లో వెళ్లిపోయారు. ముప్పై రెండు వేల సంకీర్తనలు చెప్పారని మనవడు చిన్నన్న రాసిన చరిత్ర అంటుంది. దొరికినవి అందులో సగానికి తక్కువే. తిరుమల ఆలయంలో భాష్యకార్ల సన్నిధి దగ్గర తాళ్లపాకవారి అరలో రాగిరేకుల మీద చెక్కి భద్రపరచడం వల్లే అవైనా మిగిలాయి. రేకు మీద పాటకు ముందు రాగం పేరుంటుంది. తాళం ఎక్కడో అరుదుగా తప్ప ఉండదు. స్వరం అసలే లేదు. కొలతలివ్వకుండా గుడ్డ పేరు చెప్పి రవిక కుట్టమన్నట్టు ఉంటుంది వ్యవహారం.

దానికి తోడు ఆ రాగాల్లో అబాలి, అమరసింధు, కొండమలహరి లాంటివి ఇవాళ ఎవరి గొంతులోనూ లేవు. కాబట్టి రేకు ముందు కూర్చున్న సంగీతజ్ఞుడు కొన్ని విషయాలు తనే తేల్చుకోవాలి. రేకు చెప్పిన రాగానికి కట్టుబడాలా, భావాన్ని బట్టి మార్చాలా? విద్వాంసుల కోసం కట్టాలా, భజన గోష్ఠి కోసమా? ఎలా తేల్చినా అది సంగీత చరిత్ర మీద ఆయన చెప్పిన అభిప్రాయమే అవుతుంది.

సంగీతం గురించి సంగీతకారులే తీర్పు చెప్పాలన్న పట్టుదల మన దగ్గరే కాదు, జాజ్ లోకంలోనూ గట్టిగా ఉంది. జాన్ కోల్ట్రేన్ 'జెయింట్ స్టెప్స్' రికార్డుకు డ్రమ్స్ వాయించిన ఆర్ట్ టేలర్, తోటి వాద్యకారులను తనే కూర్చోబెట్టి ప్రశ్నలడిగి 1977లో 'నోట్స్ అండ్ టోన్స్' అనే పుస్తకం వేశాడు. విమర్శకులకు చెప్పని మాటలు తోటి డ్రమ్మర్‌కు చెప్పారు వాళ్లు. 'జాజ్' అన్న పేరే తమకు వద్దన్నవాళ్లూ అందులో ఉన్నారు. తిరుపతిలో అలాంటి పుస్తకం రాలేదు గానీ, ఆ పని ఇక్కడ వరసలు చేశాయి.

ఆ వరసల్లో మొదటి పెద్ద పేరు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ. 1893లో అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో పుట్టారు. చిన్నప్పుడు పాట నేర్పింది తల్లి. మైసూరు వెళ్లి పరకాల మఠంలో సంస్కృతం చదువుకున్నారు, బిడారం కృష్ణప్ప దగ్గర సంగీతం నేర్చారు. ఏడు తంత్రుల వయొలిన్‌తో పేరు తెచ్చుకున్న చౌడయ్యదీ ఆ గురుకులమే. 1912లో మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు పండితుడిగా చేరడానికి కారకుడు మన చిత్తూరు పక్కనున్న కట్టమంచి వాడు, రామలింగారెడ్డి. పింగళి సూరననైనా సరే నిలబెట్టి తప్పొప్పులు అడిగిన విమర్శకుడాయన. ఆ సావాసం ఊరికే పోలేదు. వేమన మీద రాళ్లపల్లి ఇచ్చిన ఉపన్యాసాలు తెలుగు విమర్శలో ఇప్పటికీ పక్కన పెట్టలేనివి.

మైసూరులో దాదాపు నాలుగు దశాబ్దాలు పాఠం చెప్పాక ఆయన తిరుపతి శ్రీవేంకటేశ్వర ప్రాచ్య పరిశోధనాలయానికి వచ్చారు. అన్నమయ్యను వెలుగులోకి తెచ్చిన వేటూరి ప్రభాకరశాస్త్రి 1950లో కన్నుమూశారు. రేకుల పరిష్కరణ రాళ్లపల్లి మీద పడింది. పాఠం సరిచూసి వదిలేయలేదాయన, నూటికి పైగా పాటలకు వరసలు కట్టి స్వరపరిచారు. సాహిత్యం చదివిన చెయ్యి వాటిలో తెలిసిపోతుంది. పదం ఎక్కడ విరగాలో అక్కడే విరుగుతుంది, అర్థం చెడేలా రాగం సాగదు.

'బ్రహ్మ కడిగిన పాదము' చూడండి. రేకు మీద రాగం ముఖారి, రాళ్లపల్లి కట్టిందీ ముఖారిలోనే. రేకుకు కట్టుబడ్డారు కదా, ఇంకేం పేచీ అనుకుంటాం. పేచీ అక్కడే మొదలవుతుంది. అన్నమయ్య పోయిన యాభై ఏళ్లలోపే, 1550లో, విజయనగరంలో రామామాత్యుడు 'స్వరమేళకళానిధి' రాశాడు. అందులో మేళాల్లో మొట్టమొదటిది ముఖారి, స్వరాలన్నీ శుద్ధాలే. ఇవాళ్టి లెక్కలో అది కనకాంగి. మనం ఇప్పుడు పాడే ముఖారి ఖరహరప్రియ జన్యం: చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, దిగేటప్పుడు శుద్ధ ధైవతం, వినగానే గుండె బరువెక్కే నడక. పేరొకటే, రాగాలు వేరు. అంటే రేకును అక్షరాలా పాటించినా అన్నమయ్య పాడిన ముఖారి మనకు చేతికి రాదు. రేకులో ఉన్నదే ప్రామాణికం అని వాదించేవాళ్లు ఈ చిక్కును దాటేసి మాట్లాడతారు.

నేదునూరి కృష్ణమూర్తి దారి వేరు. తిరుపతి సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా చేసిన నేదునూరి 'నానాటి బతుకు'ను రేవతిలో కట్టారు. రేవతి అన్న పేరు తాళ్లపాక రేకుల రాగాల్లో లేదు. గాంధారం, ధైవతం లేని రాగమది. శుద్ధ రిషభం మీద నిలిస్తే వేదం చదువుతున్నట్టుంటుంది. పుట్టుటా గిట్టుటా గురించిన ఆ పాటకు ఇంతకన్నా అతికే రాగం దొరకదనిపిస్తుంది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి నేదునూరి దగ్గర నేర్చుకుని, దేవస్థానం పూనికతో వచ్చిన 'బాలాజీ పంచరత్నమాల' రికార్డుల్లో దాన్ని పాడాక మరో వరసలో ఊహించుకోవడమే కష్టమైంది. చరిత్ర దృష్టితో చూస్తే ఇది తప్పేనని ఎవరైనా అనొచ్చు. పాటగా మాత్రం నేదునూరిదే గెలుపు.

నేదునూరి గురువు శ్రీపాద పినాకపాణి. కర్నూలులో వైద్యం బోధించిన డాక్టరు. తంజావూరు బాణీ పాఠాంతరాన్ని తెలుగు గొంతులకు పట్టించాలన్నది ఆయన జీవితకాలపు పంతం. దాని ఫలమే దేవస్థానం అచ్చువేసిన 'సంగీత సౌరభం' సంపుటాలు. ప్రతి గమకమూ కాగితం మీద దొరికేలా రాసిపెట్టారు.

సరిగ్గా దీనికి ఎదురు కొసన ఉంటాడు కాంచీపురం నాయనా పిళ్లై. లయలో పులి. మృదంగం, కంజీర, ఘటం, కొన్నక్కోలు అంతా వేదిక నిండా ఉండాల్సిందే. గ్రామఫోను కంపెనీలకు ఒక్క రికార్డూ ఇవ్వలేదు. ఆయన పాట ఇవాళ వినే దారే లేదు, శిష్యుల ద్వారా ఊహించుకోవాలి. ఆ శిష్యుల్లో ముఖ్యుడు 1898లో పుంగనూరులో పుట్టిన చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్లై. 1954లో సంగీత కళానిధి అందుకున్నారు, తిరుపతి సంగీత కళాశాలకు ఆయనా ప్రిన్సిపాల్‌గా చేశారు. అన్నమయ్య వరసకు అయిదు వందల ఏళ్లలో జరిగింది, నాయనా పిళ్లై గొంతుకు ఒక్క తరంలో జరిగిపోయింది.

దేవస్థానం 1978లో అన్నమాచార్య ప్రాజెక్టు మొదలుపెట్టాక వరసలు వెల్లువెత్తాయి. గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ ఒక్కరే ఆరు వందలకు పైగా కట్టారు. 'వినరో భాగ్యము' పదిమంది కలిసి పాడుకునే వరస. కచేరీ పండితులకు అందులో పని తక్కువ. అయితే సంకీర్తన పుట్టింది కచేరీ కోసం కాదు కాబట్టి ఈ విషయంలో బాలకృష్ణప్రసాద్‌కే అన్నమయ్య దగ్గరి చుట్టమేమో. 2025 మార్చి 9న తిరుపతిలోనే ఆయన కన్నుమూశారు.

రాళ్లపల్లి కచేరీల మీద బతికిన విద్వాంసుడు కాకపోయినా మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1974లో ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. 1979 మార్చి 11న, దేవస్థానం ఆస్థాన విద్వాంసుడిగా గౌరవించిన రోజే, వెళ్లిపోయారు. ఇప్పుడు కచేరీల్లో గాయకులు రాగం చెబుతారు, తాళం చెబుతారు, అన్నమాచార్య కృతి అని చెప్పి పాటందుకుంటారు. వరస కట్టినవారి పేరు మాత్రం చాలాసార్లు రాదు. పాట అయ్యాక వేదిక దగ్గరకెళ్లి అడగండి. రెండు మూడు కచేరీల్లో శ్రోతలు అడిగితే నాలుగో కచేరీలో వాళ్లే చెబుతారు.