ప్యాకేజీల తగవు

భాగవతమును తెనుగు చేసిన పోతనకు జన్మస్థానమని ప్రసిద్ధి గాంచిన బమ్మెర గ్రామము జనగామ జిల్లాలో కలదు. ఆ మహాకవి పేర ‘పోతన 2000’ అను తెలుగు ఫాంటు కంప్యూటరులలో వాడుకలో నున్నది. లినక్సు కుటుంబమునకు చెందిన డెబియన్ వ్యవస్థలో ఈ ఫాంటు ప్యాకేజీ రూపమున లభించును.

ప్యాకేజీ యనగా నొక మూట. అందులో ఫైళ్లతోపాటు ఒక చీటియు నుండును. మూట పేరు, దాని వెర్షన్ సంఖ్య, దానికి కావలసిన ఇతర ప్యాకేజీలు, దానితో పొసగని ప్యాకేజీలు ఆ చీటిలో వ్రాయబడి యుండును. డెబియన్‌లో ‘ఫాంట్స్-తెలు’ అను మూట కలదు. విచిత్రమేమనగా, దానిలో నొక్క ఫాంటైనను లేదు! తెలుగు ఫాంట్లు గల ఇతర మూటలు కావలెనని తెలుపు చీటియే దాని ముఖ్యమైన సరకు. దానిని కోరినచో పోతన 2000 వంటివి వెంట వచ్చును. ఇట్లు ఒక ప్యాకేజీ మరియొకదానిపై ఆధారపడుటను డిపెండెన్సీ యందురు.

1993లో ఇయాన్ మర్డాక్ డెబియన్‌ను ప్రారంభించెను. 1999లో వెలువడిన డెబియన్ 2.1తో ‘ఆప్ట్’ అను సాధనము వచ్చెను. అది చీటీలను చదివి, కావలసిన మూటలనన్నింటిని తానే తెచ్చి అమర్చును.

మరి తగవు ఎచ్చట పుట్టును? జనగామ జిల్లాలోని పెంబర్తి ఇత్తడి పనికి పేరుగాంచినది. భాగములుగా చేసి మరలతో బిగించు ఇత్తడి దీపపు సెమ్మె నొకదానిని ఊహింపుడు. పీఠము యొక్క మరను మార్చినచో పాత కాడ అందులో బిగియదు. బలవంతముగా త్రిప్పినచో రెండును చెడును. అట్లే రెండు ప్రోగ్రాములు ఒకే ఉమ్మడి భాగమును వాడుచున్నవనుకొనుడు. క్రొత్త ప్రోగ్రాము దాని రెండవ వెర్షన్‌నే కోరును. పాతది మొదటి వెర్షన్‌తోనే పనిచేయును. రెండు వెర్షన్‌లకును చోటు ఒక్కటే. అపుడు ఆప్ట్ ఆ రెండు ప్రోగ్రాములను కలిపి అమర్చదు. అది లోపము కాదు, రక్షణ.

ఈ తగవును తీర్చుటకు నొక క్రమము కలదు. మొదట ‘ఆప్ట్ అప్‌డేట్’ అను ఆజ్ఞతో ప్యాకేజీల జాబితాను క్రొత్తది చేయవలెను. పాత జాబితాయే ఒక్కొక్కప్పుడు చిక్కునకు మూలము. పిదప ‘ఆప్ట్ అప్‌గ్రేడ్’ చేయవలెను. అది ఉన్న ప్యాకేజీని దేనిని తొలగింపదు. పొసగనివానిని ఆపి, మిగిలినవానిని క్రొత్తవి చేయును. ఆగినవి ఏవో చూచి, కారణము వెదకవలెను. తరచుగా బయటి చోటునుండి తెచ్చిన ప్యాకేజీయో, మనమే మారకుండ నిలిపి యుంచినదియో అడ్డుగా నుండును. దానికి తగిన వెర్షన్‌ను తెచ్చుటయో, అక్కర లేనిచో దానిని తీసివేయుటయో చేసిన చాలును.

‘ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్’ అను ఆజ్ఞ మాత్రము అవసరమైనచో కొన్నింటిని తొలగించును. ఏవి పోవునో ముందుగా చూపి సమ్మతి నడుగును. ఆ జాబితాను చదువక ‘అవును’ అనినచో, చిన్న ఫాంటు కొరకు తెరమీది వ్యవస్థయంతయు పోవచ్చును. పాఠశాలలో నొక్క కంప్యూటరే యున్నచో ఆ దినపు పాఠము నిలిచిపోవును. ఇట్టి జాబితా కనబడినపుడు ‘కాదు’ అని చెప్పుటయే వివేకము.

చీటీలను లెక్కింపక బలవంతముగా మూటలను చొప్పించు మార్గములును కలవు. వానితో తగవు తీరదు. కనబడకుండ దాగి, రేపటి మార్పులో మరల తలయెత్తును. చీటిని ఓర్పుతో చదివి, అన్నింటికంటె చిన్నదైన మార్పును చేయువాడే యంత్రమును చెడకుండ కాపాడగలడు.