ఆకాశమున భూసంధానము

బాలలారా! కొన్ని యిండ్ల గోడప్రక్కన ఒక చిన్న గొయ్యియు, అందు నిలువుగా పాతిన గొట్టమును, దానికి బిగించిన తీగయు మీరు చూచియుందురు. గొట్టము చుట్టును ఉప్పును, బొగ్గును నింపి అప్పుడప్పుడు నీరు పోయుదురు. దానినే భూసంధానమందురు, వాడుకలో ఎర్తు అని పిలుతురు. అయినచో, నేలను విడిచి వేల అడుగుల ఎత్తున ఎగురు విమానమునకు భూసంధాన మెట్లు? ఈ ప్రశ్న వింతగా తోచును. కాని దీని సమాధానము నెఱుగక విమానమును నిర్మించువానికి ప్రాణాపాయమే కలుగవచ్చును.

విమానము లన్నియు గొప్ప కర్మాగారములందే తయారగునని తలంపరాదు. 1903లో కిట్టీహాక్ ఇసుకతిన్నెలపై ఎగిరిన రైట్ సోదరులు సైకిళ్ల వ్యాపారులు. తమ విమానమును తామే కట్టుకొనిరి. నేటికిని అమెరికాలో అనేకులు తీరికవేళలందు తమ ఇంటి కొట్టములలో చిన్న విమానములను నిర్మించుకొనుచున్నారు. 1953లో పాల్ పొబరెజ్నీ మిల్వాకీ నగరమున ఇట్టివారికై ఒక సంఘమును స్థాపించెను.

విమానపు ఇంజనులో పెట్రోలు ఆవిరిని మండించుటకు నిప్పురవ్వ కావలెను. నాలుగు సిలిండర్లు గల ఇంజను నిమిషమునకు 2,400 సార్లు తిరుగునప్పుడు, ఒక్కొక్క సిలిండరునందు సెకనుకు 20 పర్యాయములు సరియైన క్షణమున రవ్వ పుట్టవలెను. చిరకాలముగా ఈ పనిని మాగ్నెటో అను యంత్రము చేయుచున్నది. అది తనకు వలయు విద్యుత్తును తానే పుట్టించుకొనును. దాని మీటతీగను ఇంజను లోహమునకు కలిపినచో అది ఆగును; ఆ తీగ తెగినచో మీట నొక్కినను ఆగదు. అందుచేతనే నిలిచియున్న విమానపు ప్రొపెల్లరును సైతము చేతితో త్రిప్పరాదని పెద్దలు హెచ్చరింతురు. ఎలక్ట్రానిక్ ప్రజ్వలన వ్యవస్థ దీనికి విపరీతము. అట్టి వానిలో పెక్కు బ్యాటరీపై ఆధారపడును. వాని భూసంధానపు తీగ ఊడినచో రవ్వయే పుట్టదు. ఒకదానిని ఆపునదే మఱియొకదానికి ప్రాణాధారము!

విమానమునందు భూమి యనగా నేల కాదు, బ్యాటరీ ఋణధ్రువము. ధనధ్రువమునుండి వెడలిన విద్యుత్తు తన పని చేసి ఋణధ్రువమునకు మరలి రావలెను. పోవుదారి యెంత ముఖ్యమో వచ్చుదారియు నంతే ముఖ్యము. అల్యూమినియపు విమానమున దాని శరీరమే వచ్చుదారిగా ఉపయోగపడవచ్చును. కాని బర్ట్ రూటన్ రూపొందింపగా 1975లో తొలిసారి ఎగిరిన వేరీఈజీ వంటి విమానముల శరీరము గాజునారతో చేయబడినది. గాజునార విద్యుద్బంధకము. కావున అచట పరికరములకు వేఱుగా తిరుగుతీగ వేయక తప్పదు. మఱియు అదురు తగ్గించుటకై ఇంజనును రబ్బరు దిమ్మెలపై నిలుపుదురు. రబ్బరును బంధకమే. అందుచే ఇంజనునుండి మందమైన రాగి అల్లికపట్టీ నొకదానిని బిగింతురు. అది లేనిచో స్టార్టరు విద్యుత్తు ఇంజనును అదుపుచేయు లోహపు తీగలగుండ దారి వెదకికొని వానిని కాల్చివేయగలదు.

దారి యున్న చాలునా? చాలదు. పలుమడుల నీరు ఒకే సన్నని మురుగుబోదెలో పడుచున్న దనుకొనుడు. పెద్దమడి గట్టు తెగినంతనే బోదె పొంగి చిన్నమడిలోనికి నీరు ఎదురెక్కును. విద్యుత్తునందును ఇంతియే. ప్రవాహమును నిరోధముచే గుణించిన వోల్టులు వచ్చునని 1827లో ఓమ్ ప్రకటించిన సూత్రము తెలుపుచున్నది. చిలుముపట్టిన యొక అతుకునందు నిరోధము ఓములో నూఱవవంతే యనుకొందము. స్టార్టరు 200 ఆంపియర్లు తీసికొనినప్పుడు అచట 2 వోల్టుల తేడా యేర్పడును. ప్రజ్వలన పెట్టెను సైతము ఆ యతుకునకే కలిపియుండినచో, దాని భూమియే 2 వోల్టులు కదలినట్లగును. ఇంజను ఏ స్థితిలో నున్నదో తెలుపు సన్నని సంకేతము కలత చెందును. అప్పుడు రవ్వ వేళకు ముందే పుట్టి పిస్టనును వెనుకకు నెట్టవచ్చును. లేదా పుట్టకయే పోవచ్చును.

కావున నేర్పరులు బ్యాటరీ ఋణధ్రువమునకు కలిపిన యొక ఇత్తడిపలకను అమర్చి, తిరుగుతీగలను విడివిడిగా అచటికే చేర్తురు. ఇంజనునకు రెండు ప్రజ్వలన వ్యవస్థలుండిన, రెండింటిని ఒకే మరకు బిగింపరు. ఆ మర వదులైనచో రెండును ఒక్కసారిగా ఆగును గదా! బిగించుటకు ముందు రంగును గీకి మెఱయు లోహమును బయల్పఱతురు. పిమ్మట విద్యుత్తు పారుచుండగా వోల్టుమీటరుతో అతుకులను పరీక్షింతురు. కంటికి బాగుగా కనబడుట వేఱు, కొలతకు నిలుచుట వేఱు.

విమానము పూర్తియైన పిదప దాని రంగును ఊరివారందఱు మెచ్చుకొందురు. రంగు చాటున నున్న ఆ చిన్న మరను మెచ్చువా రుండరు. దానిని బిగించిన చేతికి మాత్రమే దాని సంగతి తెలియును. ఆ చేయి గలవాడే రేపు తన బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని పైకెగురును. కావున ఎవ్వరును చూడని పనిని సైతము శ్రద్ధతో చేయుట అతనికి విధి మాత్రమే కాదు, ప్రాణరక్షయు.